వారం రోజుల కోసం పెట్టిన ఆపు

కొత్తగా చేరిన డిజైనరమ్మాయికి నక్షాల ఫోల్డరు తెరుచుకోక అది మూడో రోజు. అడ్మినమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. నీటి గొట్టాల నక్షాలు గీసే ఆ ఆఫీసులో ఎవరు ఏ ఫోల్డరు తెరవచ్చో, ఎవరు చూసి ఊరుకోవాలో సర్వరుకి చెప్పే పని ఏడేళ్ళుగా ఆవిడదే.

“అక్కా, మళ్ళీ అదే. అనుమతి లేదంటోంది,” అంది అమ్మాయి, తప్పు తనదే అన్నట్టు గొంతు తగ్గించి.

“లాగౌట్ అయి మళ్ళీ వచ్చావా?”

“నాలుగుసార్లు వచ్చానక్కా.”

అడ్మినమ్మ కళ్ళు నులుముకుంది. అమ్మాయి డిజైన్ గ్రూపులో ఉంది. ఆ గ్రూపుకి ఫోల్డరులో చదివే హక్కూ రాసే హక్కూ ఉన్నాయి. ఇంకేం కావాలి? ఇంతలో ఫోను మోగింది. ఇంటి నుంచి అత్తగారు.

“అమ్మాయ్, టీవీ ఏదో అడుగుతోందే. సరే అనాలా, వద్దనాలా?”

“ఏమడిగినా వద్దనండి అత్తయ్యా.”

“అన్నాను. బొమ్మ పోయింది!”

“సాయంత్రం వచ్చి చూస్తాను,” అని ఫోను పెట్టేసి, ఊహలు కట్టిపెట్టి, అమ్మాయి ఏయే గ్రూపుల్లో ఉందో మొత్తం జాబితా తీసింది. గ్రూపు లోపల గ్రూపు, దాని లోపల ఇంకొకటి. అట్టడుగున ఒకటి కనబడింది: ‘తాత్కాలిక ఆపు’. దానికి ఉన్నది ఒకటే పని, నక్షాల ఫోల్డరుకి అడ్డం పడడం. పది గ్రూపులు రమ్మన్నా ఒక్క గ్రూపు వద్దంటే సర్వరు ఆ వద్దన్న మాటే వింటుంది.

నిన్నగాక మొన్న చేరిన పిల్ల ఇందులోకెలా వచ్చింది? అది తనకే తెలుసు. ఒక్కొక్క గ్రూపూ చేర్చే ఓపిక లేక, అదే సెక్షన్లో అందరూ కాగితం బాబాయ్ అని పిలిచే పెద్దాయన అకౌంటుకి నకలు తీసి అమ్మాయికిచ్చింది. అంటే ఆయనా ఇందులోనే ఉన్నాడు. చూస్తే ఒకప్పుడు ముగ్గురు. ఇద్దరు ఉద్యోగం మానేశారు, ఆయనొక్కడే మిగిలాడు. గ్రూపు పెట్టి ఆరేళ్ళయింది. పెట్టినవారి చోట తన పేరే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఏవో నక్షాలు బయటికి పొక్కాయని విచారణ జరిగింది. తేలేదాకా ముగ్గురిని ఆపమని అప్పటి మేనేజరు చెప్పాడు. వారం తిరక్కుండానే ఇక్కడివాళ్ళ తప్పేం లేదని తేలింది. ఆపు తియ్యమని ఎవరూ చెప్పలేదు. ఆవిడకీ తట్టలేదు.

కాగితం బాబాయ్ కిటికీ పక్క బల్ల మీద నక్షా పరిచి ఎర్ర పెన్సిలుతో దిద్దుతున్నాడు. పక్కవాళ్ళని బతిమాలి ప్రింటు తీయించుకుని కాగితం మీదే పని చేస్తాడు. కంప్యూటరు ఒంటబట్టదని అందరూ నవ్వుకునేవారు. ఆవిడా నవ్వేది.

“బాబాయ్, మీకు నక్షాల ఫోల్డరు తెరుచుకోదు కదా?”

“తెరుచుకోదు.”

“ఆరేళ్ళలో ఒక్కసారైనా నాతో అనలేదేం?”

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. “ఆపింది నువ్వే కదమ్మా. పైవాళ్ళు చెప్పకుండా ఆపవుగా. తప్పు లేదని అందరికీ కాగితం పంపారు, తలుపు మాత్రం మూసే ఉంచారు. దాన్నే జవాబనుకున్నాను. తెరవమని అడిగితే వీడికెందుకింత ఆత్రం అనరూ?”

“ఎవరూ ఏమీ అనుకోలేదు బాబాయ్. నేను మర్చిపోయాను. అంతే.”

ఆయన బల్ల మీది నక్షాని మెల్లగా చుట్టచుట్టాడు. ఆవిడకి నిలబడడం కష్టమైంది, కూర్చోడానికి మొహం చెల్లలేదు.

తన బల్ల దగ్గరికెళ్ళి ఆయన్నీ అమ్మాయినీ ఆ గ్రూపులోంచి తీసింది, గ్రూపునీ తీసేసింది. ఆయన లాగౌట్ అయి, రెండు వేళ్ళతో పాస్‌వర్డు కొట్టి లోపలికొచ్చాడు. ఫోల్డరు తెరుచుకుంది. ఆయన మొహంలో సంతోషమేమీ కనబడలేదు. ఒక నక్షా తీసి తెరకి దగ్గరగా వంగాడు.

“ఈ వాల్వు ఇక్కడ కాదు. కాగితం మీద రెండుసార్లు దిద్దిచ్చాను. ఎవరూ ఎక్కించనేలేదు.” మౌసు కదిపి, ఎక్కడ నొక్కాలో తెలియక ఆగిపోయాడు. డిజైనరమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

జరిగింది సెక్షన్లో అందరికీ రాస్తానంటే ఇప్పటి మేనేజరు విసుక్కున్నాడు. “పాత గొడవ. చప్పుడు కాకుండా సరిచేసి ఊరుకోమ్మా.”

“ఆయనకి పని రాదనుకున్నవాళ్ళకి తెలియాలి సార్,” అంది. రాసింది: ఆయన తప్పు ఏమీ లేదు, వారం కోసం పెట్టిన ఆపుని తీయడం నేను మర్చిపోయాను, ఆరేళ్ళు ఆయన పనికి నేనే అడ్డమయ్యాను. నాలుగు ముక్కలు రాయడానికి గంట పట్టింది.

ఇద్దరు ముగ్గురు ఆయన బల్ల దగ్గరికెళ్ళి ఏదో గొణిగి వచ్చారు. తక్కినవాళ్ళు చదవనట్టే ఉన్నారు. ఆఫీసు వదిలే వేళకి ఆయన సంచీ భుజాన వేసుకుని ఆవిడ గది గుమ్మంలో ఆగాడు.

“చదివాను. ఉన్నదున్నట్టు రాశావు,” అన్నాడు. సంచీ సర్దుకుని, “అయినా ఆరేళ్ళమ్మా,” అని వెళ్ళిపోయాడు.

ఆయన ఆవిడతో మునుపటిలా మాట్లాడడానికి చాలా రోజులు పట్టింది. సర్వరులో ఇలాంటి తాత్కాలిక గ్రూపులు ఇంకా పదకొండు తేలాయి. ఆ వారమంతా ఆవిడ వాటిలో ఉన్నవాళ్ళ జాబితా చేత్తో పట్టుకుని, కాళ్ళు పీకుతున్నా, అంతస్తులెక్కి దిగి, ఫోల్డరు తెరుచుకుంటోందా అని ఒక్కొక్కరినీ అడిగింది. చాలామంది తలెత్తకుండానే ఒకే జవాబు చెప్పారు.

“ఆ, తెరుచుకోదండీ. అలవాటైపోయింది.”