పోలమ్మపేట గోలు వల

నేనొక వలనే గాని, నాలో ఏనాడూ ఒక్క చేప పడలేదు. ఫుట్‌బాల్ మైదానంలో గోలు స్తంభాల వెనక వేలాడిన వలను నేను. విశాఖ తీరాన పోలమ్మపేట అనే జాలరిపేటలో, కాసులమ్మ చేతుల్లో పుట్టాను. ఆవిడ చిన్నప్పటినుంచి చేపల వలలే అల్లింది. మనుషులు కాలితో తన్నే వస్తువును పట్టడానికి ఒక వల కావాలని మొగుడు ఎల్లాజీ అడిగితే మొదట నమ్మలేదు.

"కన్నెంత పెద్దదుండాల?" అంది.

"పిడికిలి దూరినా పర్లేదు, బంతి దూరకూడదు."

"ఇదేటి వలయ్యా! దీన్ని సూసి సేపలు నవ్వుతాయి," అంటూనే నైలాను తాడు చేతికి తీసుకుంది. ముళ్ళు బిగించీ బిగించీ ఆమె వేళ్ళు పుళ్ళు పడ్డాయి.

ఎల్లాజీ మరబోటు మీద వల లాగే కళాసీ. పోలమ్మపేట జట్టుకు గోల్‌కీపరు. జట్టులో అందరూ బోట్లమీద పనిచేసేవాళ్ళే. అందుకే ఏ లీగులోనూ వాళ్ళకు చోటు లేదు. చేపల వేటకెళ్ళిన మనిషి వచ్చే ఆదివారం ఒడ్డున ఉంటాడని ఎవరు రాసిస్తారు? వేసవిలో సర్కారు వేట నిషేధం పెట్టే రెండు నెలలే వాళ్ళ ఆట. ఆ ఏడాది జిల్లా నాకౌట్ కప్పులో ఏదో జట్టు తప్పుకుంటే వీళ్ళను పిలిచారు. ఓడినవాడు ఇంటికి పోవాలి, గెలిచినవాడు మళ్ళీ ఆడాలి. సొంత మైదానంలో ఆడాలంటే రెండువైపులా వలలు ఉండాలన్నారు. అలా నేనూ నా కవలా సరుగుడు స్తంభాలకు ఎక్కాం.

మొదటి ఆట ఒక కాలేజీ జట్టుతో. పాపం, ఆ పిల్లలు మా ఇసుకలో పరుగెత్తలేక రొప్పారు. మావాళ్ళు ఒక గోలుతో గెలిచారు. రెండో ఆట పట్నం క్లబ్బుతో. సమానంగా ముగిసి పెనాల్టీల దాకా వెళ్ళింది. ఆ పెనాల్టీలు నా ముందే జరిగాయి. ఎల్లాజీ రెండు ఆపాడు. బంతి నాలో పడాలని కొందరూ పడకూడదని కొందరూ ఒకే పోలమ్మ తల్లికి మొక్కారు. ఆవిడ ఎవరి మాట వినాలో నాకు అర్థం కాలేదు. కెప్టెన్ దానయ్య గోలు అడ్డకర్ర మీదికెక్కి కూర్చుని "కప్పు మనదేరా!" అని అరిచాడు. ఎల్లాజీతో కలిసి ఒకే బోటు మీద పెరిగిన మనిషి అతను. పేటంతా ఆ అరుపు నమ్మింది. నేనూ నమ్మాను.

క్వార్టర్ ఫైనల్ ఒక పెద్ద కంపెనీ జట్టుతో. బాగా ఆడేవాళ్ళకు ఆ కంపెనీ ఉద్యోగాలిస్తుందని అందరికీ తెలుసు. ఎల్లాజీ ఆ మాట ఎవరితోనూ అనలేదు. కాని రోజూ సాయంత్రం నా ముందు నిలబడి, బంతి లేకుండానే కుడికీ ఎడమకీ దూకేవాడు.

ఆటకు ముందు వాయుగుండం వచ్చింది. మైదానం చెరువైంది. ఆటను వాయిదా వేశారు. ఏ రోజుకో తెలుసా? వేట నిషేధం ఎత్తేసే రోజుకి.

దానయ్య పట్నం వెళ్ళి, ఇంకో రోజు పెట్టమని కప్పు నడిపేవాళ్ళను బతిమాలి వచ్చాడు. నా కిందే కూర్చుని చెప్పాడు.

"ఆళ్ళు ఒప్పుకోరంట. రాకపోతే ఓడిపోయినట్టేనంట."

"మరేటి సేద్దాం?" అన్నాడు ఎల్లాజీ.

"ఏటుంది సెయ్యడానికి? నాను బోటెక్కీయాల. మొదటి వేటకి ఎక్కనోడికి ఈ ఏడంతా సోటుండదు. నీకూ ఉండదురా, ఆలోసించుకో."

ఎల్లాజీ ఆలోచించాడు. ఇంట్లో కాసులమ్మ కూడా బోటుకే వెళ్ళమంది.

"ఆ కంపెనీవోళ్ళు ఒక్కసారి నన్ను సూస్తే సాలే," అన్నాడు.



ఆ రోజు తెల్లవారగానే బోట్లు జెండాలు కట్టుకుని, టపాసులు కాల్చుకుంటూ బారుగా సముద్రంలోకి వెళ్ళాయి. దానయ్య వెళ్ళిన బోటు కూడా మైదానం నుంచి కనిపించింది. ఆటకు మావాళ్ళు ఎనిమిదిమందే వచ్చారు. అందులో ఒకాయన చాలా ఏళ్ళ క్రితం ఆట మానేసినవాడు. కంపెనీ జట్టు బస్సు దిగి మావాళ్ళను లెక్కపెట్టింది. ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు.

మొదటి సగంలో ఎల్లాజీ అవతలి గోలు దగ్గర ఉన్నాడు. నా కవలలో నాలుగు పడ్డాయి. నా వైపు బంతి రానేలేదు. రెండో సగంలో అతను నా ముందుకు వచ్చాడు. ఒళ్ళంతా ఇసుక, మోచేయి చీరుకుపోయి ఉంది. వచ్చినవాటిలో సగానికి పైగా ఆపాడు. అంత బాగా అతను ఆడటం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఇంకో రెండు నాలో పడ్డాయి. బంతి పడినప్పుడల్లా నేను చేయగలిగింది దాన్ని పట్టుకోవడమే. ఆపడం నా చేతుల్లో లేదు.

అప్పుడు కంపెనీ కుర్రాళ్ళు పరుగు తగ్గించారు. బంతిని తమలో తామే తన్నుకుంటూ కాలం గడపసాగారు. "చాల్లేరా, పాపం," అని ఒకడు అనడం ఎల్లాజీకి వినబడింది.

"కొట్టండిరా!" అని అరిచాడు. "ఆడ్డానికే కదా వచ్చారు! కొట్టండి!"

వాళ్ళు కొట్టారు. అది ఏడో గోలు.

ఆట ముగిశాక కంపెనీ కోచ్ నేరుగా మా దగ్గరికి వచ్చాడు. ఎల్లాజీ చేతులు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

"బాగా ఆడావు తమ్ముడూ. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు? వయసెంత?"

"ముప్పై రెండండి."

కోచ్ ముఖంలో ఏదో ఆరిపోయింది. "పదేళ్ళ క్రితం కనబడి ఉంటే..." అని భుజం తట్టి బస్సెక్కాడు.

బోటులో ఎల్లాజీ చోటు వేరేవాడికి పోయింది. హార్బరులో, ఇతరులు పట్టుకొచ్చిన చేపల తట్టలు మోసే పనికి కుదిరాడు. వర్షాకాలంలో ఎవరో పాక వేసుకోవడానికి స్తంభాలు పీక్కుపోయారు. నా కవలను ఎవరు తీసుకుపోయారో తెలియదు. నన్ను ఎల్లాజీ ఇంటికి మోసుకొచ్చాడు.

వేట నుంచి తిరిగొచ్చిన దానయ్య ఒక సాయంత్రం నాలుగు చేపలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఏడంట కదా?" అన్నాడు.

"ఏడే."

"నానుంటే?"

"నువ్వుంటే ఎనిమిది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు సాగలేదు. "వచ్చే ఏడు మళ్ళీ..." అని దానయ్య మొదలుపెట్టాడు. ఎల్లాజీ లేచి కత్తి తెచ్చాడు. నన్ను నేలమీద పరిచి మధ్యకు కోసి, ఒక సగం స్నేహితుడి చేతిలో పెట్టాడు.

"మీయావిడ నెత్తళ్ళ సేపలు ఎండేస్తాది కదా. కాకులు రాకుండా కప్పమను."

దానయ్య దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. చేపలు గుమ్మంలో ఉంచి వెళ్ళిపోయాడు.

కాసులమ్మ హార్బరులో పని ముగించుకుని వచ్చి తెగిన అంచులు చూసింది. మొగుడి ముఖం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దీపం దగ్గర కూర్చుని, మిగిలిన నా సగంలో అల్లిక విడిపోకుండా తెగిన చోటల్లా ఒక్కొక్క ముడీ వేసింది. ఎల్లాజీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతను నిద్రపోలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.