తల్లి కట్టిచ్చిన మూట

మా అత్తగారికి దోమ కడుపు సంగతి చెప్పింది నేనే. నోరు మూసుకుని అన్నం తిన్నా పోయేది.

పోయిన క్రిస్మస్‌కి రేపల్లె వెళ్లినప్పుడు, బాపట్ల ల్యాబ్‌లో అసలేం చేస్తున్నావని ఆవిడ అడిగింది. సైన్సు టీచరుగా రిటైరైన మనిషి, దేవకుమారి పేరు. నాకు హుషారొచ్చింది. దోమ రక్తం తాగాక దాని కడుపులో మలేరియా క్రిమి ఆడకణం, మగకణం కలుస్తాయని, ఒక్క రోజులో పుట్టే పిల్లక్రిమి లోపల క్రిస్టలాయిడ్ అనే చిన్న భాగం తయారవుతుందని చెప్పాను. దానికి కావలసిన సరంజామా అంతా ఆడకణం ముందే సద్దిమూటలా కట్టి ఉంచుతుంది. ఆ మూట లేకపోతే క్రిమి దోమ పేగుకు అంటుకుని తిత్తిలా గుండ్రంగా పెరుగుతుంది గానీ, అందులో మనిషికి ఎక్కాల్సిన పిల్లలు తయారు కావని మా అంచనా. తండ్రి వైపు నుంచి ఎంత వచ్చినా లాభం లేదు. ఇంతా చెప్పి, ఆ మూటే లేకుండా చేసి చూస్తున్నామన్నాను. ఆవిడ మురిసిపోయి చర్చిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

ఫిబ్రవరిలో నాకు నెల తప్పింది. మార్చిలో తెనాలిలో స్కాన్ చేసిన డాక్టరమ్మ చాలాసేపు తెర వంకే చూసింది. తిత్తి తొమ్మిది వారాలకు తగ్గట్టే ఉంది, లోపల బిడ్డ లేదు. ఇలా జరుగుతుంటుందని, ఇందులో ఎవరి తప్పూ ఉండదని రెండుసార్లు చెప్పింది.

అంతా అయ్యాక నన్ను రేపల్లె తీసుకెళ్లారు. అత్తగారు చారన్నం కలిపి తెచ్చి, నా జుట్టు సవరిస్తూ మెల్లగా అంది.

"నువ్వే చెప్పావు కదమ్మా స్టెల్లా, తల్లి కట్టివ్వకపోతే లోపల ఏదీ తయారవదని."

ఎత్తిపొడుపైతే నేనూ రెండు అనేదాన్ని, నాకు నోరు తక్కువేం కాదు. ఆవిడ జాలిపడి అంది. అది క్రిమి సంగతి, మనుషులకు వర్తించదన్నాను. గుమ్మంలో నిలబడి మా ఆయన చిట్టిబాబు అంతా విన్నాడు. వర్తించదమ్మా అని ఒక్క మాట అంటాడని చూశాను.

"ఎందుకైనా మంచిది, నీకోసారి టెస్టులన్నీ చేయిద్దాం" అన్నాడు.

నీకు, అన్నాడు. మనకు అనలేదు. నా గుండె అక్కడే పగిలింది, ఏడుపు మాత్రం రాలేదు.

ఏప్రిల్‌లో, మూట లేని క్రిములు ఎక్కించిన దోమల్ని కోసే రోజు వచ్చింది. పేగు మీద తిత్తులు మామూలుకన్నా పెద్దగా, నిండుగా కనబడ్డాయి. ఒక్కొక్కటే చిదిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. మా గైడు బసవేశ్వరరావు సార్ కూడా వంగి చూశారు.

"అన్నీ ఖాళీయేనమ్మా" అన్నారు, ముఖం వెలిగిపోతూ.

రెండేళ్లుగా నేను మోకరించి అడిగింది ఆ మాటే. సార్ స్వీట్లకు మనిషిని పంపి, ఇంట్లోవాళ్లకు చెప్పమన్నారు.

నేను చేసేలోపే అత్తగారి ఫోన్ వచ్చింది. ఇవాళే ఫలితమని ఆవిడకు గుర్తుంది. పొద్దున్నే నాకోసం ప్రార్థన కూడా చేసిందట.

"మేం అనుకున్నది తప్పు అత్తయ్యా" అన్నాను. "తల్లి మూట లేకపోయినా పిల్లలు తయారయ్యాయి."

ఆవిడ వెంటనే అందుకుంది.

"అయితే నీ తప్పేం లేదన్నమాట. ఉండమ్మా, అబ్బాయికి చెప్తాను."

లోపల స్వీట్లు పంచుతూ నా పేరు పిలుస్తున్నారు. నేను మెట్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చాను.