రెండు గడుల పిల్లలు

శుక్రవారం మధ్యాహ్నం గోడమీది సమోవా అక్షరాల పటాన్ని ఊడదీస్తుంటే ఇరవై ఏడుగురు పిల్లలు చూస్తూ నిలబడ్డారు. న్యూజిలాండ్‌లో, దక్షిణ ఆక్లాండ్‌లోని ఆ సర్కారు బడిలో సమోవా భాషలో పాఠం చెప్పే గది అదొక్కటే. దాని టీచరును వేరే బడికి పంపేశారు. పదకొండేళ్లుగా అక్కడ సహాయకురాలిగా ఉన్న లోసాకు సోమవారం నుంచి పని లేదు.

సాయంత్రం తల్లిదండ్రుల సమావేశంలో విద్యాశాఖ అధికారి ప్రెంటిస్ లెక్క చదివాడు. "సమోవా పిల్లలు పదహారుమంది. ఇరవై లేనిదే టీచరు పోస్టు రాదు."

"ఇరవై ఏడుగురున్నారు సార్. రోజూ ముక్కులు తుడిచేది నేనే," అంది లోసా.

"పదకొండుమంది బడిలో చేర్చే ఫారంలో సమోవాతో పాటు మావోరీ గడిలో కూడా టిక్కు పెట్టారు. ఎవరినైనా ఒక్కసారే లెక్కించాలి. మావోరీ ముందొస్తుంది."

వెనక నుంచి నైరి లేచింది. ఆ దేశపు మూలవాసి, మావోరీ మనిషి, లోసాకు వియ్యపురాలు. "అయితే ఆ పదకొండుమందీ మాకు కలిశారుగా. మూడేళ్లుగా మా భాషకో గది అడుగుతున్నాం. ఏదీ?"

"మీకు పంతొమ్మిదే. ఒకరు తక్కువ."

ముప్పై ఐదుగురు పిల్లలు, సున్నా టీచర్లు. లెక్క వేసిన కంప్యూటరు పొరపడలేదు, మనుషులు రాసిన నిబంధనను తు.చ. తప్పక పాటించింది.

ప్రెంటిస్ కొత్త ఫారాలు బల్లమీద పరిచాడు. "ఆ పదకొండుమంది మావోరీ గడి వదిలేస్తే చాలు. సమోవా గది సోమవారమే తెరుస్తాం."

కుర్చీలు కదిలాయి. కొందరు పెన్నులు తీశారు.

"కానివ్వు వదినా," అంది నైరి. "మన మనవరాల్లో నా కొడుకు వాటా కొట్టేసి నీ ఉద్యోగం నిలబెట్టుకో."

"నోర్ముయ్ వదినా. పని పోయింది నాది, నీది కాదు."

లోసా ఫారం అందుకుంది. టిక్కు మారిస్తే తన గది తనకు దక్కుతుంది. నైరి వైపు ఎనిమిదిమందే మిగులుతారు, ఆ గది ఇక ఎన్నటికీ రాదు. ఫారం బోర్లించింది.

"మేం ఒకళ్లనొకళ్లం చెరుపుకుంటుంటే మీరు కూర్చుని కూడికలు వేస్తారా? రెండు టిక్కులూ ఉంటాయి. రెండు గదులూ కావాలి."

"మాటలకేం, నా పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?" అని ఒక తండ్రి విసుక్కున్నాడు.

"మెట్లమీద," అంది లోసా.

సోమవారం ముప్పై ఐదుగురూ తాళం వేసిన గది మెట్లమీద కూర్చున్నారు. లోసా సమోవా పుస్తకం తెరిచి పాఠం మొదలుపెట్టింది. ప్రధానోపాధ్యాయుడు వచ్చి, "ఉద్యోగం లేనివాళ్లు ఇక్కడ ఉండకూడదు లోసా. పోలీసులను పిలవాల్సొస్తుంది," అన్నాడు.

"పిలవండి సార్. వాళ్లొచ్చేలోపు ఇంకో పేజీ అవుతుంది."

పోలీసు కారు ఆగేసరికి నాలుగో గది టీచరు తన పిల్లలను వరసగా బయటికి తెచ్చి మెట్ల పక్కన కూర్చోబెట్టింది. ఆ వెనకే రెండో గది ఖాళీ అయింది. లోసాను కారెక్కిస్తుంటే పుస్తకం నైరి అందుకుంది. ఆమెకు సమోవా సగమే వచ్చు. తప్పు పలికిన ప్రతిచోటా సమోవా గది పిల్లలందరూ ఒక్క గొంతుతో దిద్దారు. ఆమె మళ్లీ చదివింది.