ముప్పై అయిదు దాటినవాళ్ళు

"ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు." బొగ్గు గని గేటుకు అంటించిన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక కాదు, కోపం సరిపోక.

గని తవ్వుతున్నది మా నేలలో. దుమ్ము లేస్తున్నది మా మేకలు మేసినచోట. "ఉద్యోగాలు మీకే" అని సభ పెట్టి మరీ మాటిచ్చారు. మేం వెర్రిమొహాలం, చప్పట్లు కూడా కొట్టాం. నేను బడి హాస్టల్లో పంతొమ్మిదేళ్ళు వండాను. హాస్టల్ మూతపడింది, మేకలు కిందటేటి మంచుకు చచ్చాయి. గని వంటశాలలో పని దొరకకపోతే ఈ చలికాలం రాజధానికి పోయి ఎవరివో అంట్లు తోముకోవాలి. నాతో వచ్చిన మా ఊరి హాందకూ, మిగతా ఇద్దరు ఆడవాళ్ళకూ అదే గతి.

వంటశాల మేనేజరు ఎర్దెమ్ నగరం నుంచి వచ్చినవాడు. నా చేతులు చూడలేదు, గుర్తింపు కార్డులో పుట్టిన సంవత్సరం చూశాడు.

"ఇది పెద్ద వంటశాల అక్కా. రెండొందల మందికి వండాలి. మీవల్ల కాదు."

"నీకెన్నేళ్ళు తమ్ముడూ?"

"ఇరవై తొమ్మిది."

"నువ్వు ముక్కు చీదుకుంటా బడికి పోయే రోజుల్లోనే రెండొందల మందికి పిండి పిసికాను నేను."

హాంద కిసుక్కున నవ్వింది. అతను కార్డు నా ముందు పడేశాడు.

పనివ్వకపోతే పని మేమే పుట్టించుకుంటామనుకున్నాం. దేశం సరిహద్దు దాటడానికి బొగ్గు లారీలు మా ఊరి పక్కనే రోజుల తరబడి వరసలో ఆగుతాయి. డ్రైవర్లకు వేడి తిండి ఉండదు. మా అత్త దెజిద్ కాపురముండే గుడారం రోడ్డు పక్కన నిలబెట్టి, పొయ్యి రాజేసి, మాంసం కూరిన హూషూర్లు నూనెలో వేయించడం మొదలుపెట్టాం.

"కుక్కను పట్టుకోండి!" అని, మాలో ఏ గుమ్మం ముందైనా వేసే పలకరింపు కేక వేసి డ్రైవర్లు లోపలికి వచ్చారు. అత్త అందరికీ ఉప్పు వేసిన పాలటీ పోసింది, హూషూర్లు పెట్టింది. వాళ్ళు తిన్నారు, ఆనవాయితీగా మా పశువుల క్షేమం అడిగారు, లేచి వెళ్ళిపోయారు.

"డబ్బులడగవేం అత్తా?" అన్నాను.

"గడప దాటొచ్చిన మనిషిని తిండికి డబ్బులడగాలా? మన వంశంలో అంత సిగ్గులేని మొహం ఎవత్తికీ లేదే! అట్టాంటి రోజొస్తే నన్ను తీసకపోయి ఎడారిలో పారేసి రండి."

అత్తనని ఏం లాభం? మా నోళ్ళూ పెగల్లేదు. డ్రైవర్లూ మావాళ్ళే కదా, ధర అడిగితే మాకు అవమానమని అడగలేదు. కొందరు పోతూ పోతూ చాక్లెట్లు పెట్టి పోయారు. వారం తిరిగేసరికి పిండి బస్తా అడుగంటింది. వ్యాపారం పెట్టి అన్నదానం చేసినవాళ్ళం మేమే అయ్యుంటాం.

ఎనిమిదో రోజు హాంద ఒక బల్ల తెచ్చి గుడారం బయట వేసింది. "లోపలుంటే చుట్టం. బయటుంటే బేరం. సరేనా అత్తా?"

అత్త బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "టీ మాత్రం లోపలే. దానికి పైసా ముట్టుకున్నారో, చెయ్యి విరగ్గొడతా" అంది.

అప్పట్నుంచి డ్రైవర్లు లోపల టీ తాగి, బయటికి వచ్చి మర్యాదగా డబ్బిచ్చి తినడం మొదలుపెట్టారు. గని పనివాళ్ళూ మా బల్ల దగ్గరికే రాసాగారు, నెల తిరక్కుండా గని వంటశాలలో తినేవాళ్ళు సగమయ్యారు. ఎర్దెమ్ జీపేసుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఈ ఇనప స్తంభం దాకా గని స్థలం! రేపటికల్లా గుడారం లేపకపోతే పోలీసుల్ని తెస్తా!"

మేకల వెంట గుడారాలు మోసుకు తిరిగిన మమ్మల్ని ఇల్లు కదపమనడం చేపపిల్లని ఈదమనడమే. గంటలో విప్పాం, స్తంభానికి పది అడుగుల అవతల మళ్ళీ నిలబెట్టాం. అతను జీపులోనే కూచుని చూశాడు.

మరో పది రోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి అరవలేదు. అత్త లోపలికి పిలిచి టీ గిన్నె చేతికిచ్చింది.

"నోర్జ్మా అక్కా, మీరు రండి. పెద్ద వంటమనిషిగా తీసుకుంటాం. జీతం, బీమా, పింఛను అన్నీ ఉంటాయి. వయసు సంగతి నేను చూసుకుంటా. ఈ దుకాణం మాత్రం ఎత్తెయ్యాలి."

అబద్ధమాడను. పింఛను అనే మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. హాంద పిండి పిసుకుతూ ఆగిపోయింది. నా వైపు చూడలేదు. పొమ్మంటే పోయేదాన్నే, వద్దంటే ఆగేదాన్నే. ఏమీ అనకుండా తల దించుకుంది చూడండి, దానికి మండింది నాకు.

"వయసు సంగతి చూసుకోగలిగినవాడివి ఆ రోజే ఎందుకు చూసుకోలేదు?"

"రూలు అక్కా."

"నా ఒక్కదానికి వంగే రూలు నలుగురికి విరిగిపోదులే. తీసుకుంటే నలుగురం. లేకపోతే నీ కూడు నువ్వే వండుకో."

అతను టీ పూర్తిగా తాగి, గిన్నె తిరిగిచ్చి లేచాడు. "మైనస్ నలభై డిగ్రీల చలి రానివ్వండి. మీ బల్ల దగ్గర ఎవడు నిలబడి తింటాడో చూస్తా."

అతనన్నది నిజమే. ఆ చలిలో బయట హూషూర్ నోటిదాకా వెళ్ళేలోపే రాయవుతుంది. లోపల అమ్ముదామంటే అత్త ఒప్పుకోదు. రెండు రోజులు ఇదే తర్జనభర్జన.

మూడో రోజు అత్తే నోరు తెరిచింది. "పక్కన ఇంకో గుడారం వెయ్యండి. దాని పొయ్యి నేను ముట్టించను."

మాలో కొత్త కాపురానికి మొదటి నిప్పు అత్తే వెలిగించాలి. అప్పుడే అది ఇల్లు. హాంద ముందు తెల్లబోయింది, తర్వాత ఎగిరి గంతేసింది. ఆ రెండో గుడారంలో పొయ్యిని ఒక లారీ డ్రైవరు సిగరెట్ లైటరుతో ముట్టించాడు. అత్త గుమ్మం బయటే నిలబడి చూసింది.

"ఇది ఇల్లు కాదు, కొట్టు. ఇక్కడ టీకి కూడా ముక్కు పిండి తీసుకోండే!"

ఇప్పుడు మేం తొమ్మిది మందిమి. అందరిలోకీ చిన్నదానికి నలభై మూడు. మా బీమా మేమే కడుతున్నాం. ఈ చలికాలం మా ఊరి నుంచి అంట్లు తోమడానికి రాజధానికి ఒక్క ఆడది కూడా పోలేదు.