తన భుజానికి సరిపోయే తుపాకీ

"క్యాబేజీ మాడుతున్నట్టుంది, చూసుకో" అన్నాడు గ్లెన్, క్లబ్బు వంటింటి కిటికీలోంచి తల లోపలికి పెట్టి. మాడటం లేదు. నూడుల్స్‌తో కలిపి చేసే హలుష్కికి క్యాబేజీ వెన్నలో అంచులు ఎర్రబడేదాకా వేగితేనే రుచి. క్లబ్బులో అందరికంటే ఎక్కువ తినే గ్లెన్‌కి ఆ సంగతి తెలియకపోవడం ఉండదు. కానీ ఏదో ఒకటి అనకుండా ఆ కిటికీ దగ్గర్నించి కదల్లేడు. లొరెట్టా పొయ్యి మంట తగ్గించినట్టు నటించింది. అలా నటిస్తే అతను తృప్తిగా వెళ్ళిపోతాడు, కూర కూరలాగే వేగుతుంది. కాపురంలో ఇలాంటివి ఎన్ని నేర్చుకుందో చెప్పమంటే ఆమె కూడా చెప్పలేదు.

వేటగాళ్ళ క్లబ్బులో ఏటా ఆకురాలే కాలంలో లాటరీ పెడతారు. టికెట్టు నంబరు తగిలినవాళ్ళకి బహుమతులుగా తుపాకులిస్తారు. హాల్లో మగవాళ్ళు బీరు తాగుతూ తమ నంబరు పిలుస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చుంటే, వెనక వంటింట్లో వాళ్ళ పెళ్ళాలు నూడుల్స్ ఉడకేసి, రొట్టెలకి వెన్న రాసి, గిన్నెలు తోముతారు. ఆఖర్న క్లబ్బు అధ్యక్షుడు మైకు పట్టుకుని "మన ఆడవాళ్ళకి కూడా ఒకసారి చప్పట్లు" అంటాడు. చప్పట్లు కొడతారు. లొరెట్టా అప్పటికి చేతులు సబ్బు నురగలో ఉంచుకుని ఉంటుంది కాబట్టి ఆ గౌరవం ఎప్పుడూ వీపుతోనే అందుకుంది.

ఆ రోజు క్లబ్బులో కొత్తగా చేరిన ఒక నర్సు వంటింట్లోకి వచ్చి, ఇక నుంచి బుధవారం సాయంత్రాలు ఆడవాళ్ళు మాత్రమే తుపాకులు కాల్చేలా ఏర్పాటు చేశామనీ, వరసగా నిలబెట్టిన ఇనప పళ్ళేలని గబగబా కొట్టి పడెయ్యాలనీ చెప్పింది. "మీరూ రండి" అంది.

"వండటానికా?" అని అడిగింది లొరెట్టా.

"కాల్చటానికండీ!" అని నవ్వింది నర్సు. లొరెట్టా కూడా నవ్వింది గానీ, చేతిలో ఉన్న గరిటెని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే నిలబడిపోయింది.

ఇంటికి వచ్చాక బూట్లు విప్పుకుంటున్న మొగుడితో "నేనొక తుపాకీ కొనుక్కుంటాను" అంది.

"మనింట్లో తుపాకులకేం కరువు? అందులో నీవి మూడున్నాయి కదే" అన్నాడు గ్లెన్.

ఉన్నాయి, నిజమే. పెళ్ళిరోజుకి ఒకటి, పుట్టినరోజుకి ఒకటి, మరొకటి ఎందుకిచ్చాడో ఆమెకి గుర్తు లేదు. పెన్సిల్వేనియాలో ఆ కొండ ఊళ్ళలో మొగుళ్ళందరికీ ఉన్న అలవాటే అది. తమకి నచ్చిన తుపాకీని తమ భుజానికి ఆనించి చూసుకుని, బాగుందనుకుని, రిబ్బను కట్టి పెళ్ళానికి బహుమతి ఇస్తారు. మర్నాటి నుంచీ దాంతో తామే వేటకి వెళతారు. క్లబ్బులో దీని మీద జోకులు కూడా ఉన్నాయి, ఆ జోకులకి ఆడవాళ్ళే ముందు నవ్వుతారు. లొరెట్టా తుపాకులు మూడూ కింద నేలమాళిగలో ఇనప్పెట్టెలో గ్లెన్ తుపాకుల పక్కనే ఉంటాయి. దాని తాళం నంబరు గ్లెన్‌కి తెలుసు. ఆమె ఎప్పుడూ అడగలేదు, అతను ఎప్పుడూ చెప్పలేదు. కావాలని దాచిందేమీ లేదు, ఇద్దరికీ తట్టలేదంతే. తట్టకపోవడమే ఆమెకి ఇప్పుడు కొత్తగా గుచ్చుకుంటోంది.

"అవన్నీ చేత్తో లాగి తూటా ఎక్కించేవి. పళ్ళేలు గబగబా కొట్టాలంటే సెమీ ఆటోమేటిక్ కావాలి" అంది.

గ్లెన్ ముఖం వెలిగింది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఖాళీ గొట్టం దానంతటదే బయటికి దూకి, తర్వాతి తూటా లోపలికొచ్చి కూర్చునే రకం ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. జింకల వేటకి అక్కడ దాన్ని వాడనివ్వరు కాబట్టి గ్లెన్ వాళ్ళ హుడాక్‌ల ఇంట్లో తాత తండ్రుల నాటి నుంచీ ఎవరూ కొనలేదు. "శనివారం వెళదాం. నీకేం తెలుస్తుంది, నేను చూసి మంచిది ఏరతాను" అన్నాడు.

స్కూలు బస్సు నడిపి సంపాదించిన డబ్బు చేతిసంచిలో పెట్టుకుని శనివారం అతని ట్రక్కులో పక్క సీట్లో కూర్చుంది లొరెట్టా. మంచు పడ్డ కొండ రోడ్ల మీద నిండా పిల్లలున్న బస్సుని ఇన్నేళ్ళుగా ఒక్క గీత పడకుండా తోలుతోంది. కానీ గ్లెన్ పక్కనుంటే స్టీరింగు అతనిదే.

దుకాణంలో కౌంటరు వెనక ఎల్‌వుడ్ అనే మనిషి నిలబడ్డాడు. గ్లెన్‌కి చిన్నప్పటి స్నేహితుడు. "ఏం గ్లెన్, ఎవరికి?" అన్నాడు.

"మా ఆవిడకి."

"ఆవిడకి ఏం కావాలంట?" అని గ్లెన్‌నే అడిగాడు. లొరెట్టా అతనికి మూరెడు దూరంలో నిలబడి ఉంది.

"చిన్న తూటాది కావాలి" అని ఆమే చెప్పింది. "భుజానికి తగిలే దెబ్బ తక్కువుండాలి, బరువు తక్కువుండాలి. వెనక కర్ర పొట్టిగా ఉండాలి, నా చేతులు పొట్టివి. దుర్భిణీ వద్దు, మామూలు గురి చాలు."

ఇద్దరు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "బానే చదువుకొచ్చిందే!" అన్నాడు ఎల్‌వుడ్. గ్లెన్ మాత్రం గోడ మీదున్న ఒక పెద్ద నల్లటి రైఫిల్ వైపు వేలు చూపించాడు. దాన్ని భుజానికి ఆనించుకుని, దుకాణంలో ఆ చివర్నించి ఈ చివరిదాకా తిప్పి, "అబ్బ, ఇది చూడవే! ఉడుతల్ని కొట్టే బొమ్మ తుపాకీ ఎందుకు నీకు? ఇదైతే ఇద్దరికీ పనికొస్తుంది" అన్నాడు. తర్వాత ఎల్‌వుడ్‌తో, పెళ్ళాన్ని మెచ్చుకుంటున్నాననే అనుకుంటూ, "మా లొరెట్టాకి తుపాకులంటే కొత్తేం కాదురా. స్కూల్లో రైఫిల్ టీముకి స్కోరు రాసేది" అన్నాడు.

స్కోరు రాయలేదు. టీములో కాల్చింది. స్కూలు నేలమాళిగలో, గొంతులో తుపాకీమందు వాసన మండుతుంటే, బోర్లా పడుకుని, మోకాలి మీద నిలబడి, నిలువుగా నిలబడి కాల్చింది. పక్క జిల్లాల పిల్లలు ఆమె పేరు వినగానే డీలా పడిపోయేవారు. ఆ సంగతి గ్లెన్‌కి ఒకప్పుడు బాగా తెలుసు. ఏళ్ళు గడిచేకొద్దీ అతని నోట్లో ఆ కథ నెమ్మదిగా చిక్కిపోయి స్కోరు రాయడం దగ్గర ఆగింది. ఆమె దిద్దలేదు. మొదటిసారి దిద్దకపోతే ఇక ఆ తర్వాత దిద్దటం కష్టమని ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పెళ్ళికి ముందు వేసవిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, హుడాక్‌ల పొలం వెనక ఇసుక గుంత దగ్గర అన్నదమ్ములు డబ్బాలు వరసగా పెట్టి కాలుస్తున్నారు. నేనూ ఒకసారి కాలుస్తానంది లొరెట్టా. గురి పెట్టిన డబ్బా గురి పెట్టినట్టే పడింది. మగవాళ్ళు కొట్టలేక వదిలేసినవి కూడా పడ్డాయి. అన్నదమ్ములు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఒరే గ్లెన్, పెళ్ళయ్యాక తుపాకీ ఆవిడ చేతికిచ్చి నువ్వు అంట్లు తోముకోరా!" అన్నారు. గ్లెన్ కూడా నవ్వాడు, చెవులు మాత్రం కందిపోయాయి. ఆ తర్వాత వారమంతా ఫోను చెయ్యలేదు. కాబోయే అత్తగారు ఆనా, పిండి అప్పచ్చుల అంచులు వేళ్ళతో నొక్కుతూ, "వచ్చే ఆదివారం ఒక రెండు తప్పించమ్మా. నీ సొమ్మేం పోతుంది?" అంది. కోపంగా అని ఉంటే లొరెట్టా ఎదురు చెప్పేది. ఆవిడ ప్రేమగా అంది, తన కూతురికి చెప్పినట్టే చెప్పింది. బహుశా ఆవిడకి కూడా ఎవరో అలాగే ప్రేమగా చెప్పి ఉంటారు.

లొరెట్టా రెండు తప్పించింది. గ్లెన్ పొంగిపోయాడు. వెనక నిలబడి, ఆమె భుజం మీద గడ్డం ఆనించి, ఊపిరి ఎలా బిగబట్టాలో ఆమెకి నేర్పాడు. నిజం చెప్పాలంటే అది చాలా బాగుంది. అతని గడ్డం గరుకుగా, వెచ్చగా ఉంది. ఆ దగ్గరితనం కోసం రెండేం ఖర్మ, నాలుగు తప్పించింది. తర్వాత అది తుపాకీతో ఆగలేదు. పేకాటలో గెలిచే ముక్క చేతిలో ఉన్నా పారేసింది. సందులో ట్రక్కు ఆపలేకపోతున్నట్టు రెండుసార్లు ముందుకీ వెనక్కీ తీసి తాళాలు అతనికిచ్చింది. తెలిసిన దారిని తెలియదంది. ఒకటి అలవాటయ్యాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. పిల్లలు పుట్టాక ఇసుక గుంతకి వెళ్ళడం మానేసింది, క్లబ్బు వంటింట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది.

"రెండూ కాల్చి చూసుకోండి" అని ఎల్‌వుడ్ వాళ్ళని దుకాణం వెనక పొడవాటి గదిలోకి తీసుకెళ్ళి, చెవి మూతలూ కళ్ళద్దాలూ ఇచ్చి వచ్చేశాడు. గ్లెన్ పెద్దది కాల్చాడు. గది అదిరిపోయింది. మీసాల కింద నవ్వుకున్నాడు. తర్వాత లొరెట్టా చిన్నదాన్ని తీసి ఎడమ భుజానికి ఆనించుకుంది. కర్ర సరిగ్గా కుదిరింది. చెంప తన చోటు తానే వెతుక్కుంది.

"అటు కాదే, కుడి భుజం" అన్నాడు గ్లెన్.

"నాది ఎడమ కన్ను, గ్లెన్."

"ఎప్పట్నించి?"

ఆమె తుపాకీని ఎడమ భుజం మీదే ఉంచింది. ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషికి తాను ఏ కంటితో గురి చూస్తుందో తెలియదు. తెలిసే అవకాశం తనే ఇవ్వలేదేమో కూడా.

ట్రిగ్గర్ నొక్కింది. మొదటిది నడిమధ్యన పడింది. రెండోదీ దాని పక్కనే పడింది. ఖాళీ గొట్టాలు మోచేతికి తగిలి కింద గలగలమన్నాయి. వెనక గ్లెన్ "ఓహో!" అన్నాడు. ఆ తర్వాతది అంచుకి పోయింది. దాని తర్వాతది కాయితం కొసకి పోయింది.

"పర్వాలేదు, పర్వాలేదు, నెమ్మదిగా" అన్నాడు గ్లెన్, ఎంతో మృదువుగా.

ఆ మృదువైన గొంతు చెవిన పడగానే లొరెట్టాకి తెలిసింది. తూటా పేలే ముందు తన మణికట్టు వెంట్రుకవాసి తిరిగింది. తిప్పాలని ఆమె అనుకోలేదు. వెనక ఆ మనిషి నిలబడి ఉన్నాడనిపించగానే చెయ్యి తన పని తాను చేసింది, క్యాబేజీ పొయ్యి దగ్గర చేసినట్టే. తుపాకీ కింద పెట్టి వెనక్కి తిరిగింది.

"నువ్వు కాసేపు బయట కూర్చో."

"ఎందుకు? నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. వెళ్ళు."

ఆమె అతన్ని ఒక గదిలోంచి బయటికి పంపించడం అదే మొదలు. గ్లెన్ నొచ్చుకున్నట్టు చూసి వెళ్ళాడు. అద్దం తలుపు అవతల టోపీల బల్ల దగ్గర నిలబడి, ఒక టోపీ తీసి, చూడకుండానే తిరిగి పెట్టేశాడు. అతనంటే జాలేసింది ఆమెకి. ఆ జాలి ఎక్కడికి తీసుకెళుతుందో తెలుసు కాబట్టి ముఖం తిప్పేసుకుంది.

తూటాల మ్యాగజైను మళ్ళీ నింపింది. గదిలో ఇప్పుడు ఎవరూ లేరు. స్కూల్లో నేర్పినట్టు ఊపిరి సగం వదిలి, ఆపి, నొక్కింది. కొన్ని లోపల పడ్డాయి. కొన్ని పడలేదు. మళ్ళీ నింపింది, మళ్ళీ కాల్చింది. మళ్ళీ అంతే. ఎవరూ చూడటం లేదు, అయినా తప్పాయి.

అక్కడ ఏడుపొచ్చింది లొరెట్టాకి. తప్పినందుకు కాదు. ఇన్నేళ్ళూ ఎవరేమన్నా, అంట్లు తోముతున్నా, మన ఆడవాళ్ళకి చప్పట్లు అంటున్నా, లోపల ఒక ధీమా ఉండేది. నేను కావాలనే తగ్గాను, కావాలనుకున్న రోజున తీసి చూపిస్తాను అని. పోపుల డబ్బాలో అడుగున దాచుకున్న నోటులా అది అక్కడే ఉందనుకుని బతికింది. ఇవాళ తీసి చూస్తే డబ్బాలో అడుగు కనిపిస్తోంది. కళ్ళు పాతబడ్డాయా, చేతులు అలసిపోయాయా, లేక తప్పించీ తప్పించీ అదే తన గురి అయిపోయిందా? ఏది చేతకాక తప్పిందో ఏది కావాలని తప్పిందో ఆమెకే తెలియకుండా పోయింది. ఎవరు దొంగిలించారని అడగాలి? అత్తగారు పోయింది. గ్లెన్‌కి తాను దొంగిలించినట్టే తెలియదు. ఇచ్చిన చెయ్యి తనదే. ఇవ్వకపోతే ఆ ఇంట్లో బతకనిచ్చేవారా అన్నది మాత్రం ఎవరూ అడగలేదు, ఆ రోజుల్లో తనూ అడగలేదు.

కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని, గురి కాయితం మడవకుండా చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. గ్లెన్ దాన్ని అందుకుని, చిల్లులు చూసి, ఆమెని చిన్నబుచ్చకూడదని గొంతు తగ్గించి, "చూశావా, ఇది నీకు పడలేదు. పెద్దది తీసుకుందాం. బుధవారం నేనూ వస్తాలే, వెనక నిలబడి చెప్తాను" అన్నాడు.

"పెద్దది ప్యాక్ చెయ్యమంటావా గ్లెన్?" అన్నాడు ఎల్‌వుడ్.

"చిన్నది ఇవ్వండి. నా పేరు మీద. డబ్బులు నేనిస్తాను" అంది లొరెట్టా. తర్వాత మొగుడితో, "బుధవారం నువ్వు రావద్దు. ఇది కింద ఇనప్పెట్టెలోకి వెళ్ళదు. దీనికి వేరే తాళం కొంటాను, నంబరు నా దగ్గరుంటుంది" అంది.

"ఇన్ని తప్పుతుంటే దాన్నేం చేసుకుంటావే?" అన్నాడు గ్లెన్. వెటకారంగా కాదు, నిజంగా అర్థంకాక అన్నాడు.

"ఇన్నాళ్ళూ నీకోసం తప్పించాను. నువ్వు చిన్నబుచ్చుకోకూడదని. మొదట్నించీ."

ఎల్‌వుడ్ కౌంటరు తుడవడం మొదలుపెట్టాడు. గ్లెన్ చెవులు ఎర్రబడ్డాయి. కాయితం మీది చిల్లుల్ని వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"మరి వీటిలో నాకోసం తప్పించినవి ఏవి?" అని అడిగాడు చివరికి.

"అదే నాకు తెలియడం లేదు, గ్లెన్" అంది లొరెట్టా. "తెలుసుకోవటానికే కొంటున్నాను."