పన్నెండో షరతు

ఆవిడ మొగుడిలో చెడ్డగుణమంటూ ఒక్కటే ఉంది. ఎవరైనా చేతికి పెన్నిస్తే చాలు, మొహమాటపడి సంతకం పెట్టేస్తాడు. కూతురి ప్రోగ్రెస్ కార్డు మీదా అలాగే పెట్టాడు. పిల్ల సైన్సు తప్పిందని ఆయనకి వేసవి సెలవుల్లో తెలిసింది.

మూడేళ్ల కిందట కోళ్ల కంపెనీ ఒప్పందం మీదా అంతే. పదహారు పేజీలు. డిగ్రీ చదువు తుప్పు పట్టకుండా ఉంటుందని ఆవిడ అన్నీ చదివి, "పన్నెండో షరతు చూడండి. పెరిగిన కోళ్లని వాళ్లకి వీలైనప్పుడే తీసుకెళ్తారట. మనం వేరేవాళ్లకి అమ్మకూడదట. వాళ్లకి వీలవకపోతే?" అంది. ఆయన కంపెనీ సూపర్‌వైజర్ వైపు తిరిగి, "మా ఆవిడ సబ్బు మీది కాగితం కూడా వదలదు, చివరిదాకా చదువుతుంది" అని నవ్వాడు. సూపర్‌వైజరూ నవ్వాడు. ఇద్దరికీ టీ ఆవిడే పెట్టింది. పంచదార వేయడం మాత్రం మర్చిపోయింది, పాపం.

కాగితంలో పెంపకందారు ఆయన. షెడ్డులో మేత పోసేది, నీళ్ల గిన్నెలు కడిగేది, చచ్చినవాటిని ఏరేది ఆవిడ. అత్తగారి దృష్టిలో అది పనే కాదు. "ఇంటి వెనకేగా, అటూ ఇటూ తిరుగుతూ చేసేదేగా" అనేది.

అప్పట్లో కోళ్లు కొనే కంపెనీలు మూడుండేవి. పెద్దది మిగతా రెండింటినీ మింగేసి, బోర్డులన్నిటికీ ఒకే రంగు వేయించింది. ఈ నెల, కంపెనీ సరుకు కొనే సరిహద్దు అవతలి దేశం బయటి కోడిమాంసం వద్దని గేట్లు మూసింది. దాంతో కోడిపిల్లల్ని దింపిన నలభయ్యో రోజున రావలసిన లారీ యాభయ్యో రోజుకీ రాలేదు. కంపెనీ మేత బండీ ఆగిపోయింది. ఒళ్లు బరువుకి కాళ్లు ఆనక కోళ్లు కూలబడ్డాయి. ఆరువేల గొంతుల గోల వంటింట్లోకి వినబడుతూనే ఉండేది. దాన్ని తిట్టుకుంటూనే మూడేళ్లు వంట చేసింది. ఆ మధ్యాహ్నం, కూర కలుపుతున్న గరిటె చప్పుడు ఆవిడకి స్పష్టంగా వినిపించింది.

గరిటె ఆగిపోయింది. ఆవిడ వెళ్లేసరికి షెడ్డులో చచ్చినవే ఎక్కువ, మిగిలినవాటికి అరిచే ఓపిక లేదు.

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాడు. లారీతో కాదు, ఒక కాగితంతో. "ఊరికే ఫార్మాలిటీ అన్నా. సంతకం పెట్టు, బతికున్నవి రేపే ఎత్తించేస్తా. వదినా, కాస్త టీ..."

ఆవిడ కదల్లేదు. ఆయన పెన్ను మూత తీశాడు. ఎందుకో ఆగి, కాగితాన్ని ఆవిడ ముందుకి జరిపాడు.

ఆవిడ పైకి చదివింది. "పెంపకంలో జరిగిన నిర్లక్ష్యం వల్లే కోళ్లు చనిపోయాయని ఒప్పుకుంటున్నాను."

"పెట్టకపోతే?" అన్నాడాయన.

"ఉన్నవీ పోతాయి. కంపెనీ మళ్లీ కోడిపిల్లల్ని దింపదు. చుట్టుపక్కల ఇంకెవరున్నారన్నా, దింపడానికి?"

ఆవిడ కాగితం మడిచింది. "షెడ్డులో పని చేసింది నేను. పదహారు పేజీల్లో ఎక్కడా నేను లేను. ఈ ఒక్క వాక్యంలో మాత్రం ఉన్నాను" అంది.

షెడ్డు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆయన పెన్నుకి మూత పెట్టాడు.

"తప్పు ఒప్పుకోమన్నావుగా, ఒప్పుకుంటా" అన్నాడు సూపర్‌వైజర్‌తో. "షెడ్డులో జరగలేదు. ఇదే గదిలో, నీ ఎదురుగానే జరిగింది. చదవమన్న మనిషిని చూసి నవ్వాను. తప్పు నాది."