జీడి వేలికి పది కలపండి

నేను ఒక పల్స్ ఆక్సీమీటర్‌ని. తీగ మీద బట్టలు ఎగిరిపోకుండా పెట్టే క్లిప్పు కంటే కాస్త లావుగా ఉంటాను. నా దవడల మధ్య వేలు పెడితే ఎర్రటి వెలుగు పంపి, నెత్తురులో ఆక్సిజన్ ఎంతుందో అంకెలో చెప్తాను. తొంభై అయిదు ఉంటే క్షేమం. తొంభై దిగితే పరుగెత్తాలి. నాకు వచ్చిన భాష అంతే.

ఆ కాస్త భాషలోనూ నేను అబద్ధం చెప్పాను. ఒక మనిషి పోయింది. రెండో మనిషి కోసం జరిగిన పోరాటం గురించి చెప్తాను, వినండి.

నన్ను తయారుచేసిన చోట అందరి వేళ్ళూ శుభ్రంగా ఉండేవి. చల్లటి గదిలో ఒక ఉద్యోగి నన్ను తన చూపుడు వేలికి తగిలించి, తొంభై ఎనిమిది చూసి, పచ్చ స్టిక్కరు అంటించాడు. నేను ఎలాంటి వేళ్ళ దగ్గరికి పోతున్నానో ఆయన అడగలేదు.

పోయింది జీడిపిక్కలు కొట్టే వేళ్ళ దగ్గరికి.

రెండు వేల ఇరవై, జులై నెల, కరోనా కాలం. శ్రీకాకుళం జిల్లాలో జీడిపిక్కలు వేయించే బట్టీలున్న ఒక ఊరు. ఆశా కార్యకర్త ఢిల్లేశ్వరి చేతికి నన్ను ఇచ్చి, బట్టీల వీధిలో నూట పది ఇళ్ళు అప్పగించారు. అక్కడి ఆడవాళ్ళు రోజంతా పిక్కలు పగలగొట్టి పప్పు తీస్తారు. పిక్క తొక్కలో నల్లటి జీడి ఉంటుంది. చర్మాన్ని కాలుస్తుంది. చేతులకి బూడిద రాసుకున్నా వేళ్ళ కొసలు తారులా నల్లబడతాయి. సబ్బుకి పోదు. పని మానేస్తే, పాత చర్మం ఊడి కొత్తది వస్తే తప్ప పోదు.

నా వెలుగు ఆ నలుపులో ఇరుక్కుపోయేది. నాకు దిక్కుతోచక తక్కువ అంకె చూపించేదాన్ని.

మొదటి వారమే సాయమ్మ అనే ఆమెకి ఎనభై అయిదు చూపించాను. ఢిల్లేశ్వరి 108 పిలిచింది. ఆసుపత్రిలో నెత్తురు తీసి చూస్తే అంతా బాగుంది. సాయమ్మ రెండు రోజుల తర్వాత ఆటో దిగి వీధంతా వినిపించేలా అరిచింది:

"ఓలమ్మో! నాను సచ్చిపోతన్నానని ఈ క్లిప్పు సెప్పినాదంట! నాకు సెప్పనేదు గాని!"

వీధి నవ్వింది. నవ్వులపాలైన పనిముట్టుని మళ్ళీ ఎవరు నమ్ముతారు? నాకంటే ముందొచ్చిన జ్వరం చూసే తుపాకీ గతీ అంతే. బట్టీ వేడిలోంచి వచ్చిన ప్రతి మనిషికీ అది జ్వరమనేది. రోడ్డు మీద చల్లిన బ్లీచింగు మొదటి వానకే కాలవలో కలిసింది. గొడవ చెయ్యకుండా పనిచేసింది ముక్కు మీది గుడ్డ ఒక్కటే. దాన్నీ సగం మంది గడ్డానికి కట్టుకున్నారు.

ఫోన్ మీటింగులో ఢిల్లేశ్వరి నా సంగతి చెప్పింది. అవతల ఉన్న పైఅధికారి తొందరలో ఉన్నాడు. "బట్టీ ఆడవాళ్ళదే కదా గొడవ? జీడి వేలికి పది కలిపి రాసుకోండమ్మా. నెక్స్ట్!"

ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు. అయినా చట్టమైపోయింది. ఎనభై ఆరు తొంభై ఆరయింది. వీధి మొత్తం ఆరోగ్యంగా కనిపించింది. రిపోర్టు చూసి పైవాళ్ళు మెచ్చుకున్నారు. మనుషులకి అంకె మీద ఉన్న నమ్మకం నాకెప్పుడూ వింతే. ఆ అంకె తామే దిద్దినా సరే, నమ్మేస్తారు.

అలా దిద్దిన అంకెల్లో చంద్రమ్మది ఒకటి. నేను ఎనభై మూడు చూపించాను. ఢిల్లేశ్వరి తొంభై మూడు రాసింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న చంద్రమ్మ అలాగే పక్కకి ఒరిగిపోయింది.

అది కరోనా అని తేలాక వీధికి రెండు చివర్లా వెదురు బొంగులు అడ్డం కట్టారు. బట్టీలు మూసేశారు. పద్నాలుగు రోజులు కొత్త కేసు రాకపోతే తెరుస్తారు. వస్తే మళ్ళీ మొదటి నుంచి పద్నాలుగు.

పదకొండో రోజున ఢిల్లేశ్వరి దాలమ్మ గుమ్మంలో నిలబడింది. దాలమ్మ యాభై ఏళ్ళ మనిషి, బట్టీలో అందరికంటే వేగంగా పిక్క కొడుతుంది. అరుగు మీద కూర్చుని నిల్వ చింతకాయ తొక్కు దంచుతోంది.

"ఏటే ఢిల్లీ, మళ్ళీ ఎట్టుకొచ్చీసినావా ఆ అబద్ధాల కోరుని?"

"వేలియ్యి పిన్నీ."

"ఇత్తాను. పది కలిపీసి రాసుకుని ఎల్లిపో. ఇంకో మూడ్రోజులకి బట్టీ తెరుత్తారు."

ఎనభై నాలుగు చూపించాను. తొంభై నాలుగు రాయాలి. ఢిల్లేశ్వరి పెన్ను తీసింది, ఆగింది. పేజీ వెనక్కి తిప్పింది. ఎనిమిది రోజుల కింద దాలమ్మకి రాసింది తొంభై తొమ్మిది, అంటే నేను చూపించింది ఎనభై తొమ్మిది. ఢిల్లేశ్వరి ఆమె వేళ్ళు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. పది రోజులుగా పని లేదు. గోళ్ళ దగ్గర కొత్త చర్మం వస్తోంది. నలుపు తగ్గింది.

నలుపు తగ్గితే నా అంకె పెరగాలి. అయిదు పడిపోయింది.

"పిన్నీ, ఆయాసంగా ఉందా?"

"నాకేటే? గుండ్రాయినాగున్నాను." ఆ నాలుగు ముక్కలకి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

ఢిల్లేశ్వరి దాలమ్మ పాదాల దగ్గర కూర్చుంది. పిక్క కొట్టేది చేతులు. కాళ్ళకి జీడి అంటదు. బొటనవేలు చీర కుచ్చెళ్ళతో తుడిచి, చల్లగా ఉందని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్ది, నన్ను తగిలించింది.

"ఓసి నీ! గవర్నమెంటోలిది కాలికెడతావేటే!"

ఎనభై రెండు.

ఈసారి నేను నిజం చెప్తున్నానని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

ఢిల్లేశ్వరి 108కి ఫోన్ చేసి బొంగుల దగ్గరికి పరుగెత్తింది. బండి వీధిలోకి రావాలంటే అవి తియ్యాలి. వాటి కాపలా బట్టీ మేస్త్రి తవిటయ్యది. వీధి కమిటీకి పెద్ద కూడా ఆయనే. వెనకాలే పదిమంది పోగయ్యారు.

"మొన్న సాయమ్మ, ఈయాల దాలమ్మా?" అన్నాడు తవిటయ్య. "మళ్ళీ పద్నాలుగు రోజులు మూసీమంటే ఈ జనం ఏటి తింతారు? పది కలపమని నీ ఆపీసరే సెప్పినాడు కదమ్మీ!"

"సెప్పినాడు. కలిపినాను. చంద్రమ్మొదిన పోనాది." ఢిల్లేశ్వరి నన్ను ముందుకు చాపింది. "మావా, నీ వేలియ్యి."

"నాకెందుకు?"

"నువ్వు పిక్క కొట్టవు. నీ సెయ్యి తెల్లగున్నాది. ఇయ్యి."

ఇచ్చాడు. తొంభై ఏడు. ఆమె అక్కడే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెప్పు లాగేసింది. "ఏటే ఇది, నలుగురిలో!" అంటూనే ఆయన ఒంటికాలి మీద బొంగు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నన్ను ఆయన కాలి బొటనవేలికి పెట్టింది.

తొంభై ఆరు.

"సూసినావా? మంచి వేలు, కాలు ఒకటే మాట సెప్తాయి. దాలమ్మ పిన్ని కాలు ఎనభై రెండు సెప్పినాది. ఇప్పుడు దీనికెంత కలపమంటావో నువ్వే సెప్పు, మావా. నువ్వు సెప్పినంత కలుపుతాను."

నవ్వు ఆగిపోయింది. తవిటయ్య నా తెర మీది అంకెని చూశాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళని చూశాడు. వాళ్ళెవరూ ఆయనకి సాయం రాలేదు. సాయమ్మే ముందుకొచ్చి కొడవలి తెచ్చి ఇచ్చింది. ఆయన తాళ్ళు కోసి బొంగులు తీశాడు. బండి వచ్చేసరికి దారి తెరిచి ఉంది. మూతికి ఆక్సిజన్ పెట్టాక కూడా దాలమ్మ చెయ్యి ఊపుతూ చింతకాయ తొక్కు గురించి ఏదో చెప్తూనే ఉంది.

ఆ సాయంత్రంలోగా ఢిల్లేశ్వరి వీధిలోని బట్టీ ఆడవాళ్ళందరినీ అరుగుల మీద కూర్చోబెట్టి కాళ్ళు ముందుకు చాపమంది. ఇంకో ముగ్గురు దొరికారు. నలుగురు ఆసుపత్రికి వెళ్ళారు, నలుగురూ తిరిగొచ్చారు. దాలమ్మ పదహారో రోజున వచ్చింది, సగం మనిషై. బట్టీలు ఇంకో నెల మూసే ఉన్నాయి. ఆకలి అందరికీ అయింది. బొంగులు కట్టినవాళ్ళు ఇళ్ళకి బియ్యం కూడా పంపి ఉంటే దాలమ్మ ఆయాసం దాచేదే కాదు.

మూడేళ్ళ తర్వాత ఒక సమీక్ష జరిగింది. మళ్ళీ మహమ్మారి వస్తే ఏం చెయ్యాలో అడిగి రాసుకోవడానికి జిల్లా నుంచి ఒక అధికారిణి వచ్చింది. హాల్లో నలభై మంది ఆశాలు. నేను ఢిల్లేశ్వరి సంచిలో ఉన్నాను. బ్యాటరీ కారి నా లోపలంతా తుప్పు పట్టింది. మాట పడిపోయి ఏడాదయింది.

అధికారిణి నవ్వుతూ అడిగింది: "అందరూ బాగా పనిచేశారు. ముఖ్యమైన పాఠం ఏమిటంటారు?"

సమన్వయం అన్నారొకరు. అవగాహన అన్నారు ఇంకొకరు. చప్పట్లు పడ్డాయి. ఢిల్లేశ్వరి లేచింది.

"మేడమ్, పరికరం వస్తే ముందు మా బట్టీ చేతుల మీద పెట్టి చూడాలి. పని చెయ్యకపోతే చెయ్యట్లేదని రాయాలి. అంకెకి కలపకూడదు. చంద్రమ్మ అని ఒక మనిషికి నేను పది కలిపాను. పేరుతో సహా రాసుకోండి."

అధికారిణి తలూపింది. "సరేనమ్మా, విన్నాను. కూర్చోండి."

"మీరు రాశాక కూర్చుంటాను మేడమ్."

కూర్చోలేదు. పక్కన ఉన్నామె కొంగు పట్టి లాగింది. అయినా కూర్చోలేదు. చివరికి అధికారిణి కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను తీసి, "చంద్రమ్మ... ఇంటిపేరేమిటి?" అని అడిగింది.